జీడిపిక్కలు ఒలిచే చేతికి ఏ ఫోన్లో వేలిముద్ర పడుతుంది?

తమ్ముడూ,

నీ ప్రశ్న చదవగానే ముందు మీ అమ్మ చేతులే కళ్ళ ముందు మెదిలాయి. ఇరవై ఏళ్ళుగా జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తోందని, నువ్వు హైదరాబాదులో కొని పంపిన ఫోన్ స్క్రీన్ మీద వేలు పెట్టి పెట్టి విసిగిపోయి "ఇది నన్ను గుర్తు పట్టదురా" అని పక్కన పెట్టేసిందని రాశావు. పిన్ పెట్టి ఇస్తే ఆ అంకెలు చీటీ మీద రాసి ఫోన్ కవర్లోనే దాచుకుందట. ఇంకో ఫోన్ కొందామంటే, ముగ్గురు స్నేహితులు మూడు కంపెనీల పేర్లు చెప్పి వాదించుకుంటున్నారు. ఒకడు పాత ఐఫోన్ కొనెయ్యమంటున్నాడు. చేతిలో ఉన్నది పదిహేను వేలు. రేషన్ డిపోలోనూ అమ్మ వేలు పడటం లేదు కాబట్టి, మంచి ఫోన్ కొంటే ఆ బాధ కూడా తీరుతుందా అని చివర్లో అడిగావు.

నేను 2008 నుంచి ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఫోన్లు బాగుచేస్తున్నాను, అమ్ముతున్నాను. మా కొట్టుకి ఒడియా మాట్లాడేవాళ్ళు వస్తారు, తెలుగువాళ్ళు వస్తారు, పాతపట్నం నుంచి గట్టు దాటి వచ్చేవాళ్ళున్నారు, కొండ మీది సవర ఊళ్ళ నుంచి దిగి వచ్చేవాళ్ళున్నారు. వీళ్ళలో ఎక్కువమంది చేతి పని చేసుకునేవాళ్ళే. అందుకని నీ ప్రశ్న నాకు కొత్త కాదు. వారానికి ఇద్దరైనా అడుగుతారు.

ముందు జవాబు చెప్పేస్తాను. కంపెనీ పేరు చూడకు, వేలిముద్ర పట్టే సెన్సర్ ఎక్కడుందో చూడు. అమ్మకి పవర్ బటన్లోనే వేలిముద్ర ఉన్న ఫోన్ కొను, అంటే పక్క అంచున సెన్సర్ ఉన్నది. స్క్రీన్ కింద సెన్సర్ ఉన్నవి ఆ ధరలో దొరికినా వద్దు. కొనేది ఏ కంపెనీదైనా, డబ్బు ఇవ్వక ముందే కొట్టులో అమ్మ వేలు పెట్టించి చూడాలి. ఎందుకో ఇక వివరంగా చెబుతాను.

మా ఊళ్ళో కొమ్ము పని చేసే కుటుంబాలు ఉన్నాయని నీకు తెలిసే ఉంటుంది. పశువుల కొమ్ముతో కొంగలు, నెమళ్ళు, దువ్వెనలు చేస్తారు. వాళ్ళలో ఒక పెద్దాయన మూడేళ్ళ కిందట కొత్త ఫోన్ పట్టుకొచ్చి, దీనిలో ఏదో లోపం ఉంది, మార్పించు అన్నారు. నేను వేలు పెడితే పడుతోంది, కొట్టులో కుర్రాడు పెడితే పడుతోంది, ఆయన పెడితే మాత్రం పడదు. నా బల్ల మీద బోర్డులు చూసే మైక్రోస్కోపు ఉంది. దాని కింద ముందు నా బొటనవేలు పెట్టి ఆయనకి చూపించాను. దుక్కి దున్నిన మడిలా గట్టు, చాలు, గట్టు, చాలు వరసగా కనిపించాయి. గట్ల మీద చెమట రంధ్రాలు చుక్కల్లా ఉన్నాయి. తరవాత ఆయన వేలు పెట్టించాను. మధ్యలో రూపాయి బిళ్ళంత మేర గట్లే లేవు. ఏళ్ళ తరబడి కొమ్ముని రుద్ది రుద్ది నున్నగా చేసిన చెయ్యి, కొమ్ముతో పాటు తానూ నున్నగా అయిపోయింది. ఆ నున్నటి చోట అడ్డంగా సన్నటి కోతలు. పక్కల మాత్రం గట్లు మిగిలున్నాయి. పెద్దాయన చాలాసేపు అందులోకి చూసి, "అయితే తప్పు ఫోన్ది కాదన్నమాట" అన్నారు. తప్పు ఆయనది కూడా కాదు. అలాంటి చెయ్యి కూడా ఉంటుందని సెన్సర్ తయారుచేసినవాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

తరవాత ఒక్కో వేలూ పెట్టించుకుంటూ వెళ్ళాం. ఎడమ చేతి ఉంగరం వేలు దగ్గరికి వచ్చేసరికి దున్నిన మడి మళ్ళీ కనిపించింది. ఆ వేలికి పనిలో రాపిడి తక్కువ. దాన్నే నమోదు చేశాం. ఇప్పటికీ ఆ వేలితోనే తెరుస్తున్నారు.

మీ అమ్మ సంగతి ఇంకొంచెం వేరు. జీడిపిక్క తొక్కలో ఉండే సొన చర్మాన్ని కాలుస్తుంది. బొబ్బలెక్కి, పొర లేచి, మళ్ళీ కొత్త పొర వస్తుంది. బూడిదో ఆముదమో రాసుకుని పని చేసినా సొన పూర్తిగా ఆగదు. పని జోరుగా ఉన్న రోజుల్లో ఆమె వేలిముద్ర ఈ వారం ఉన్నట్టు వచ్చే వారం ఉండదు. ఫోన్లో నమోదు చేసిన రోజున ఉన్న చర్మం వేరు, పది రోజుల తరవాత వేరు. నువ్వు పంపిన ఫోన్ మొదట్లో రెండు రోజులు పనిచేసి తరవాత మానేసిందన్నావు చూడు, కారణం ఇదే అయి ఉంటుంది.

ఇప్పుడు సెన్సర్ల గురించి. ఫోన్లలో మూడు రకాలు నడుస్తున్నాయి.

మొదటిది కెపాసిటివ్. పక్క బటన్లోనూ, పాత ఫోన్ల వెనకా, ఐఫోన్ హోమ్ బటన్లోనూ ఉండేది ఇదే. లోపల కంటికి కనపడనంత చిన్న గళ్ళు వేలల్లో ఉంటాయి. ఒక్కో గడి తన మీద ఆనిన చర్మం ఎంత దగ్గరగా ఉందో విద్యుత్ ఆవేశంతో కొలుస్తుంది. గట్టు దగ్గరగా ఉంటుంది, చాలు దూరంగా ఉంటుంది. ఆ తేడాలన్నీ కలిపితే ముద్ర. వేలికీ సెన్సర్కీ మధ్య పల్చటి పూత తప్ప ఇంకేమీ ఉండదు. పైగా ఆ విద్యుత్ క్షేత్రం పైన ఎండిపోయిన పొర దాటి కింద బతికున్న చర్మం దాకా కొంత చేరుతుంది. తన టచ్ ఐడీ చర్మం పై పొర కింద నుంచే ముద్ర తీసుకుంటుందని ఆపిల్ చెప్పుకున్నది దీని గురించే. దీనికి పడనివి రెండు: నీళ్ళు, మరీ ఎండిన వేలు. నీళ్ళుంటే గట్ల మధ్య ఉన్న చాలు కూడా గట్టులాగే కనిపిస్తుంది. మరీ పొడిబారితే గట్టు కూడా సరిగ్గా అందదు.

రెండోది ఆప్టికల్. స్క్రీన్ మీద గుండ్రంగా వెలుగు వస్తుందే, అది. స్క్రీన్ వెలుగు వేలి మీద పడి తిరిగి గాజు గుండా, స్క్రీన్ చుక్కల (పిక్సెళ్ళ) సందుల్లోంచి కిందికి దిగితే అడుగున ఉన్న చిన్న కెమెరా ఫొటో తీస్తుంది. అంటే వేలికీ కెమెరాకీ మధ్య గాజు ఉంది, దాని మీద నువ్వు వేయించిన స్క్రీన్ గార్డు ఉంది, కింద స్క్రీన్ పొరలున్నాయి. ఆరోగ్యంగా, కొంచెం తడిగా ఉండే వేలైతే ఇంత అడ్డంలోనూ చక్కగా పడుతుంది. అరిగిన వేలు, పొడి వేలు అయితే ఫొటోలో నలుపు తెలుపుల తేడా చాలదు. మా కొట్టుకి వచ్చే ఫిర్యాదుల్లో సగం పైన వీటివే. అందులోనూ చలికాలంలో, మహేంద్రతనయ ఒడ్డున పొద్దున్నే పొలం పనికి వెళ్ళొచ్చినవాళ్ళ నుంచి.

మూడోది అల్ట్రాసోనిక్. ఇది ధ్వని తరంగాన్ని పైకి పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనితో గట్ల ఎత్తుపల్లాలు కొలుస్తుంది. తడి చేతికి, కొంచెం అరిగిన చేతికి ఇదే మంచిదని నా అనుభవం. కానీ ఇది ఖరీదైన ఫోన్లలోనే ఉంది. నీ పదిహేను వేలల్లో రాదు. మీద గాలి సందు లేకుండా అంటుకునే గార్డు కావాలి, మామూలు యాభై రూపాయల గ్లాసు వేస్తే మొండికేస్తుంది.

ఇవి మూడూ ఎందుకు వచ్చాయి, ఎందుకు చోట్లు మారాయి అన్నావు. అందులోనే నీ స్నేహితుల వాదనకి కూడా జవాబుంది.

2011లో మోటరోలా ఆట్రిక్స్ అనే ఫోన్ వెనక పై అంచున వేలు గీసే సెన్సర్ పెట్టింది. ఆ సెన్సర్ తయారుచేసింది ఆథెన్‌టెక్ అనే అమెరికా కంపెనీ. 2012లో ఆ కంపెనీని ఆపిల్ దాదాపు 35 కోట్ల డాలర్లకి కొనేసింది. ఏడాది తిరగ్గానే, 2013 సెప్టెంబరులో, ఐఫోన్ 5ఎస్ వచ్చింది. వేలు గీయక్కర్లేదు, హోమ్ బటన్ మీద ఆనిస్తే చాలు. బటన్ మీద నీలమణి గాజు, చుట్టూ స్టీలు రింగు. ఆ రింగు అందానికి కాదు, వేలు తగిలిందని కనిపెట్టడానికి. మిగతా కంపెనీలకి ఒక్కసారిగా రెండు దెబ్బలు తగిలాయి. మంచి సెన్సర్ చేసే కంపెనీ చెయ్యిజారింది, కొనేవాళ్ళు అలాంటిదే కావాలని అడగడం మొదలెట్టారు.

అదే ఏడాది హెచ్‌టీసీ తన వన్ మ్యాక్స్ వెనక గీసే సెన్సర్ పెట్టింది. 2014లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5 హోమ్ బటన్ మీద కూడా గీసే సెన్సరే. ఒకే చేత్తో పట్టుకుని బొటనవేలు తిన్నగా కిందికి గీయడం ఎంత కష్టమో అప్పట్లో వాడినవాళ్ళకి తెలుసు. ఏడాదికే ఎస్6లో ఆనించే సెన్సర్కి మారిపోయారు. హువావే మాత్రం 2014 చివర్లో మేట్ 7 వెనక, కెమెరా కింద, ఆనించే సెన్సర్ పెట్టింది. ఫోన్ చేతిలోకి తీసుకుంటే చూపుడువేలు తనంతట తనే వెళ్ళి ఆనే చోటు అది. వేలిముద్ర సెన్సర్కి ఇంతకన్నా మంచి చోటు ఎవరూ కనిపెట్టలేదని నా అభిప్రాయం. 2015లో ఆండ్రాయిడ్ 6 లోనే వేలిముద్రకి చోటు కల్పించడంతో, అప్పటిదాకా ఎవరికి వారు తంటాలు పడుతున్న కంపెనీలన్నీ ఒక దారిలోకి వచ్చాయి.

తరవాత ధరల యుద్ధం. కూల్‌ప్యాడ్ నోట్ 3 అని 2015 చివర్లో 8,999 రూపాయలకి వేలిముద్ర ఫోన్ వచ్చింది. 2016 మార్చిలో షావోమీ రెడ్‌మీ నోట్ 3ని 9,999కి దించింది. అప్పుడు మా కొట్టు ముందు కాలేజీ కుర్రాళ్ళు ఒకరి ఫోన్ ఒకరు లాక్కుని వెనక వేలు పెట్టి చూసుకునేవాళ్ళు. అంతకు రెండేళ్ళ ముందు యాభై వేల ఫోన్లో ఉన్న సౌకర్యం పది వేలకి దిగింది. పోటీ వల్ల మామూలు మనిషికి మేలు జరిగిన సందర్భం ఏదంటే నేను ఇదే చెబుతాను.

2017 నుంచి గాలి మారింది. అందరికీ అంచులు లేని నిండు స్క్రీన్ కావాలి. ముందు వైపు బటన్కి చోటు లేదు. శామ్‌సంగ్ ఎస్8లో సెన్సర్ని వెనక కెమెరా పక్కకి నెట్టేసింది. వేలు పోయి పోయి కెమెరా అద్దం మీద పడేది, ఫొటోలన్నీ మసక. ఆ నవంబరులో వచ్చిన ఐఫోన్ టెన్ వేలిముద్రనే తీసేసి ముఖం చూసి తెరిచే పద్ధతి పెట్టింది. మిగతావాళ్ళు వెనకబడకూడదు కదా. 2018 జనవరిలో వీవో, సినాప్టిక్స్ కంపెనీ సెన్సర్తో, స్క్రీన్ కింద వేలిముద్ర ఉన్న ఎక్స్20 ప్లస్ యూడీని తెచ్చింది. అదే ఏడాది మే నెలలో ఎక్స్21 మన దేశంలోకి వచ్చింది, ధర 35,990. అదే ఏడాది వన్‌ప్లస్ 6టీ. 2019లో శామ్‌సంగ్ ఎస్10 క్వాల్‌కామ్ చేసిన అల్ట్రాసోనిక్ సెన్సర్తో వచ్చింది. ఆప్టికల్ వైపు షెన్‌జెన్‌కి చెందిన గూడిక్స్ అనే కంపెనీ చైనా ఫోన్లన్నిటినీ అల్లుకుపోయింది. ఈ మధ్య అల్ట్రాసోనిక్‌లోకీ దిగి, షావోమీ 15, వన్‌ప్లస్ 13 లాంటి వాటిలో చేరింది.

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, సెన్సర్ వెనక నుంచి స్క్రీన్ కిందికి వెళ్ళింది వేలికి సుఖంగా ఉంటుందని కాదు. స్క్రీన్ నిండుగా కనపడాలని. పక్కవాడి ఫోన్ కన్నా తన ఫోన్ కొత్తగా కనపడాలని. ప్రకటనల్లో ఎంత వేగంగా తెరుచుకుంటుందో సెకన్లో పదోవంతు దాకా లెక్క చెబుతారు. పొడి వేలు పెడితే పదిసార్లలో ఎన్నిసార్లు కాదంటుందో ఏ కంపెనీ పెట్టె మీదా నేను చూడలేదు. మీ అమ్మకి కావలసినది ఆ రెండో లెక్క. పదిహేను వేల లోపు ఫోన్లలో ఆ పాత కెపాసిటివ్ సెన్సరే పక్క బటన్లోకి చేరి బతికి ఉండటం మన అదృష్టం. అది కూడా మన మీద ప్రేమతో కాదు. ఎల్‌సీడీ స్క్రీన్ వెనక వెలుగు పలక ఉంటుంది, దాని గుండా ఆప్టికల్ సెన్సర్ చూడలేదు, అందుకని చౌక ఫోన్లలో సెన్సర్ని పక్కన పెట్టక తప్పలేదు.

అందుకే ముగ్గురు స్నేహితులకీ చెప్పు. ఒకే కంపెనీలో పక్క సెన్సర్ ఫోనూ ఉంటుంది, స్క్రీన్ సెన్సర్ ఫోనూ ఉంటుంది. శామ్‌సంగా, వీవోనా, రెడ్‌మీనా అన్న ప్రశ్నలో మీ అమ్మ వేలికి జవాబు లేదు. మరీ చౌకవాటిలో కొన్నిటికి అసలు సెన్సరే ఉండదు, అదొక్కటి చూసుకో.

పాత ఐఫోన్ సంగతి. హోమ్ బటన్ ఉన్న ఎస్ఈ లాంటివి సెకండ్‌హ్యాండ్‌లో వస్తాయి, సెన్సర్ నిజంగా మంచిది. కానీ ఆ బటన్ లోపలి బోర్డుతో కట్టేసి ఉంటుంది. ఆపిల్ సర్వీసులో కాకుండా బయట ఎవరైనా బటన్ మార్చి ఉంటే నొక్కుడు పనిచేయవచ్చు గానీ, వేలిముద్ర ఇక తిరిగి రాదు. 2016లో ఎర్రర్ 53 అని పెద్ద గొడవ జరిగింది. బయట హోమ్ బటన్ మార్పించుకున్నవాళ్ళు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయగానే ఫోన్లు చచ్చిపడ్డాయి. ఆపిల్ క్షమాపణ చెప్పి సరిదిద్దింది. ఆస్ట్రేలియాలో ఆ విషయం మీదే 2018లో 90 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా కూడా పడింది. వేలిముద్రను కాపాడటానికి బటన్ని కట్టేయడం న్యాయమే. కానీ మొత్తం ఫోన్ని చంపేయడం న్యాయం కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. నువ్వు మాత్రం పాత ఐఫోన్ కొనేటట్టయితే డబ్బిచ్చే ముందు సెట్టింగ్స్‌లో వేలు నమోదు చేసి చూడు. నేనైతే కొనమని చెప్పను, బ్యాటరీ కూడా నీరసపడి ఉంటుంది.

స్క్రీన్ కింద సెన్సర్ వద్దనడానికి ఇంకో కారణం ఉంది. ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది. నాలుగేళ్ళ కిందట ఒక టీచరమ్మ స్క్రీన్ పగిలిన ఫోన్ తెచ్చారు. ఒరిజినల్ కాంబో, అంటే స్క్రీనూ దాని మీది టచ్ గాజూ కలిసిన ముక్క, ఆరు వేల పైన, కాపీ కాంబో రెండు వేల చిల్లర. కాపీ వేస్తే బొమ్మ కొంచెం మసకగా ఉంటుందని చెప్పాను, వేలిముద్ర పోతుందని చెప్పడం మరిచిపోయాను. ఒరిజినల్ ఓఎల్‌ఈడీ, కాపీ ఎల్‌సీడీ. కాపీకి వెనక ఉండే వెలుగు పలక, ఒరిజినల్‌కి లేనిది, అడ్డం పడి కింద ఉన్న కెమెరా గుడ్డిదైపోయింది. వారం తరవాత ఆవిడ వచ్చి నిలబడితే నాకు నోట మాట రాలేదు. తేడా డబ్బు నేనే పెట్టుకుని ఒరిజినల్ వేసి ఇచ్చాను. అప్పటినుంచి ఈ ముక్క ముందు చెప్పకుండా ఏ ఫోన్ స్క్రీనూ విప్పను. మన ఊళ్ళలో ఫోన్ కింద పడుతుంది, స్క్రీన్ పగులుతుంది, కాపీ కాంబోనే వేయిస్తారు. పక్క బటన్ సెన్సర్కి ఆ బెడద లేదు. అది పాడైతే దాని స్ట్రిప్ వేరుగా మార్చుకోవచ్చు.

వేలిముద్ర ఎవరైనా దొంగిలిస్తారేమో అని కూడా భయపడ్డావు. ఫోన్ నీ వేలి బొమ్మని దాచదు. గట్లు ఎక్కడ ఆగాయి, ఎక్కడ చీలాయి అన్న గుర్తుల లెక్కని ప్రాసెసర్లో విడిగా తాళం వేసిన గదిలో ఉంచుతుంది. అది కంపెనీకి పోదు. మొదట్లో ఇది అందరూ పాటించలేదు. హెచ్‌టీసీ వన్ మ్యాక్స్ వేలి బొమ్మని ఏ యాప్ అయినా చదవగలిగేలా వదిలేసిందని 2015లో ఫైర్‌ఐ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ పరిశోధకులు బయటపెట్టారు. ఐఫోన్ 5ఎస్ వచ్చిన కొద్ది రోజులకే జర్మనీలోని హ్యాకర్ల సంఘం కేయాస్ కంప్యూటర్ క్లబ్‌వాళ్ళు గాజు మీది ముద్రని ఫొటో తీసి నకిలీ వేలు చేసి తెరిచారు. 2019 అక్టోబరులో ఎస్10 మీద కొన్ని సిలికాన్ కవర్లు వేస్తే ఎవరి వేలికైనా తెరుచుకుంటోందని తేలింది. సెన్సర్ వేలికి బదులు కవర్ మీది గీతల్నే గుర్తు పెట్టుకుందట. శామ్‌సంగ్ వెంటనే అప్‌డేట్ ఇచ్చింది. అందుకే వేలు నమోదు చేసేటప్పుడు ఏ గార్డు ఉందో, తరవాతా అదే ఉండాలి. గార్డు మారిస్తే వేలు మళ్ళీ నమోదు చెయ్యి. ఇంతకు మించి మీ అమ్మ ఫోన్ విషయంలో దిగులు పడక్కర్లేదు. కవర్లో ఉన్న పిన్ చీటీయే అసలు ప్రమాదం, ముందు దాన్ని తీయించు.

పిన్ ఎలాగూ ఉండాలి. ఫోన్ ఆపి మళ్ళీ వేసినా, మూడు రోజులు పిన్ కొట్టకపోయినా, ఆండ్రాయిడ్ వేలు ఒప్పుకోదు, పిన్ అడుగుతుంది. అప్పుడు అమ్మ కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచు. ఆమెకి నోటికి వచ్చిన, బయటివాళ్ళకి తెలియని అంకె ఒకటి ఆమెనే ఎంచుకోమను. ముఖం చూపిస్తే తెరుచుకునే పద్ధతి చౌక ఫోన్లలో మామూలు కెమెరాతో చేసేది. ఫొటోకి కూడా మోసపోవచ్చు, చీకట్లో పనిచేయదు. డబ్బు పంపే యాప్‌లకి దాన్ని నమ్మను.

రేషన్ డిపో సంగతి పూర్తిగా వేరు. అక్కడి యంత్రం అమ్మ వేలిని పట్టి ఆధార్ సర్వర్కి పంపి, ఎప్పుడో నమోదు చేసిన ముద్రతో పోలుస్తుంది. నీ ఫోన్లోని సెన్సర్కి, ముద్రకి దానితో ఏ సంబంధం లేదు. ఫోన్ మారిస్తే అది బాగవదు. ఆధార్ కేంద్రానికి తీసుకెళ్ళి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించు. పది వేళ్ళూ, కంటిపాప కూడా మళ్ళీ తీసుకుంటారు. పని లేని రోజుల్లో, చర్మం కాస్త కోలుకున్నాక వెళ్ళండి. డిపోలో కంటిపాపతోనో ఫోన్కి వచ్చే ఓటీపీతోనో ఇచ్చే ఏర్పాటు ఉందేమో అడుగు, ఫోన్ నంబరు ఆధార్కి కలిపి ఉందో లేదో చూసుకో. వేలు పడలేదని రేషన్ ఆపకూడదు. 2017 అక్టోబరులో ఆధార్ సంస్థే ఈ మాట రాతపూర్వకంగా చెప్పింది. డీలరు కాదంటే ఆ మాట గట్టిగా అడుగు. ఒక మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేను. వేలిముద్రల శాస్త్రం నడక నేర్చుకుంది మన పక్క బెంగాల్లోనే. 1858లో హెర్షెల్ అనే దొర జంగీపూర్లో ఒక కాంట్రాక్టు మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టినప్పుడు ఆ వర్గీకరణ పద్ధతి తయారుచేయడంలో శ్రమంతా అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్ళది. పేరు మాత్రం వాళ్ళ పై అధికారి హెన్రీకి పోయింది. సంతకం రాని మనిషి దగ్గర నుంచి ఏ కాగితమైనా కాదనకుండా తీసుకున్నది ఆ ముద్ర ఒక్కటే. ఇప్పుడు అదే ముద్రని యంత్రం కాదంటుంటే అమ్మకి అవమానంగా అనిపించడంలో తప్పేముంది?

ఇక చెయ్యవలసినది. దసరాకి ఊరు వస్తానన్నావు కదా, కొనడం అప్పటిదాకా ఆపు. ఆన్‌లైన్లో వద్దు. వచ్చాక రెండు మూడు రోజులు అమ్మని పిక్కల పనికి వెళ్ళనీయకు. రాత్రి పడుకునే ముందు చేతులకి కొబ్బరినూనె రాయించు. పొద్దున్న పొడి గుడ్డతో బాగా తుడవాలి, నూనె జిడ్డు మిగలకూడదు. సబ్బుతో కడిగిన వెంటనే మాత్రం నమోదు చేయొద్దు, చర్మం మరీ పొడిబారి ఉంటుంది.

పిక్క పట్టుకునేది బొటనవేలు, చూపుడువేలు కాబట్టి వాటిని వదిలెయ్యి. ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుంటే మధ్యవేలు తిన్నగా పక్క బటన్ మీదికి వస్తుంది. ముందు దాన్ని చూడు, తరవాత ఉంగరం వేలు. పక్క సెన్సర్ సన్నగా ఉంటుంది, ఒక్క నమోదులో వేలి ముక్క మాత్రమే దానికి అందుతుంది. అందుకని, ఫోన్ ఒప్పుకుంటే, అదే వేలిని రెండు పేర్లతో రెండుసార్లు నమోదు చెయ్యి, ఒకసారి వేలి కొన, ఒకసారి వేలి పక్క. మరో చేతి వేలు ఒకటి కూడా పెట్టి ఉంచు. నొక్కకుండా ఆనించమని చెప్పు. గట్టిగా అదిమితే ఉన్న గట్లు కూడా చదునైపోతాయి. పని మొదలయ్యాక పదిహేను రోజులకొకసారి పాతవి తీసేసి కొత్తగా నమోదు చేసే పని పక్కింటి పిల్లలకెవరికైనా నేర్పి వెళ్ళు, రెండు నిమిషాల పని.

కొట్టులో డెమో పీసులు అడుగు. మా దగ్గరికే రానక్కర్లేదు, పర్లాకిమిడిలోనో గునుపూర్లోనో నీకు నమ్మకమున్న చోటికి వెళ్ళు. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, పక్క సెన్సర్ ఉన్న నాలుగు ఫోన్లలోనూ ఆ వేలు నమోదు చేయించి, ఒక్కోదానిలో పదిసార్లు తెరిపించు. కొట్టువాడు విసుక్కున్నా లేవొద్దు. పదికి ఎనిమిదిసార్లు తెరుచుకున్న ఫోన్ని, పెట్టె మీద ఎవరి పేరున్నా సరే, బిల్లు వేయించు.